బారలతో కొలిచిన బురద

అనువాదకుణ్ణి పెద్ద మాటలు అంతగా బాధించవు. తత్త్వశాస్త్రానికి సంస్కృతం ఉండనే ఉన్నది. రాజకీయాలకు కావలసిన మాటలు వార్తాపత్రికలు ఏనాడో పుట్టించి పెట్టాయి. చిక్కల్లా కాలికి తగిలే మాటలతోనే. ఆ మధ్య పదిహేడో శతాబ్దపు ఆంగ్ల నావికుల దినచర్యలు కొన్ని తెలుగు చేస్తూ, సూరత్ తీరాన్ని గురించిన పుటల దగ్గర వారం రోజులు ఆగిపోయాను. ఆ పుటల్లో ఉన్నది నేల కాదు, నీరు కాదు, రెండూ కలిసిన మూడోదేదో. నిఘంటువు తీస్తే ఇంగ్లీషు 'స్వాంప్'కు ఎదురుగా 'చిత్తడి నేల' అని ఒక్క మాట వేసి చేతులు దులుపుకొన్నది.

మన పల్లెల్లో ఆ ఒక్క మాటతో ఎవరూ సరిపెట్టుకోరు. పాదం తడిసి ఊరుకుంటే చిత్తడి. వేళ్ళ సందుల్లోంచి పైకి ఉబికితే అడుసు. మోకాలు దిగితే రొంపి. దిగిన కాలు తిరిగి రాకపోతే ఊబి. అడుగున నీరు ఊరుతూ పైరు నిలవని చోటు జౌకు. ఉప్పు తేలి గడ్డిపరక తప్ప మొలవని సముద్రతీరపు నేల కోస్తావారికి పర్ర. ఆ ఉప్పునీటిలోనే చెట్లు లేస్తే మడ. వీటిలో ఏది సూరత్ తీరానికి చెల్లుతుందో గదిలో కూర్చుని తేల్చడం నా వల్ల కాలేదు.

సూరత్‌లో మాకు చుట్టరికం ఉన్నది. ఆ నగరంలో చుట్టాలు లేని చేనేత కుటుంబం తెలంగాణలో అరుదేనేమో. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి మగ్గాలు వదిలి మరమగ్గాల మీదికి వెళ్ళిన పద్మశాలీలు అక్కడ వాడలకు వాడలే ఉన్నారు. లింబాయత్ ప్రాంతంలో నడుస్తుంటే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు తిట్లు వినిపిస్తాయి. మా మేనత్త కొడుకు అక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు. సువాలీ చూడాలని ఫోనులో చెప్పగానే ఆయన నవ్వాడు. "బురద సూడనీకి సముద్రం దాకా ఎందుకు బామ్మర్దీ, వానకాలం మా గల్లీకి రారాదూ" అన్నాడు. పరిహాసం అనుకున్నాను. కాదని తరువాత తెలిసింది.

ముందు ఆ తీరం సంగతి చెప్పాలి. పటంలో గుజరాత్ నోరు తెరిచినట్టు కనిపించే చోటు ఖంభాత్ సింధుశాఖ. తపతి, నర్మద, మహి, సబర్మతి నదులు నాలుగూ అందులోనే పడతాయి. అవి తెచ్చే ఒండ్రుకు లెక్క లేదు. సింధుశాఖ ఆకారమేమో గరాటు. అరేబియా సముద్రపు పోటు వెడల్పు మూతిలో ప్రవేశించి లోపలికి పోయే కొద్దీ ఇరుకై, దారి లేక పైకి లేస్తుంది. మన కాకినాడ తీరాన పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టం భేదం రెండు మీటర్లకు మించదు. ఖంభాత్ సింధుశాఖలో భావనగర్ వద్ద అది పది మీటర్లు దాటుతుంది. భారతదేశంలో అంత ఆటుపోటు మరెక్కడా లేదు. మూడంతస్తుల మేడ ఎత్తు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు పోతుందన్నమాట.

నీరు పోయినప్పుడు మిగిలేదే ఆ మూడో వస్తువు. సముద్రం తీరాన్ని విడిచి దూరంగా జరిగిపోతుంది. బూడిదరంగు బురదమైదానం తడితడిగా మెరుస్తూ బయటపడుతుంది. ఉప్పుబయళ్ళను గుజరాతీలు 'ఖార్' అంటారు. మన క్షారమే అది. అంచున పెరిగే మడచెట్టును 'చేర్' అంటారు. కోరంగి మడ అడవి చూసినవారికి ఆ చెట్టు కొత్త కాదు. ఊపిరాడని బురదలోంచి గాలి పీల్చేందుకు వేళ్ళను మేకుల్లా పైకి పొడుచుకు తెస్తుంది. ఆ మేకుల నడుమ మొప్పలూ రెక్కలూ ఉన్న ఒక చిన్న చేప నేలమీద జంతువులా గెంతుతూ తిరుగుతుంది. దాన్ని అక్కడివారు 'లేవ్టా' అంటారు. దక్షిణ గుజరాత్‌లో ఇష్టంగా వండుకుంటారు. దాన్ని పట్టేవాడు బురదలో ఎక్కడ అడుగు వేయవచ్చో, ఎక్కడ వేయరాదో తెలిసినవాడై ఉండాలి. ఈ వ్యాసంలో నేను మొదట చెప్పదలచుకున్న సర్వేయరు అతడే.

అతడి పూర్వీకులను గురించి రెండువేల ఏళ్ళనాటి సాక్ష్యం ఉన్నది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రం నుండి మన తీరాల దాకా జరిగే బేరసారాలను వివరిస్తూ 'పెరిప్లస్' అనే గ్రంథం రాశాడు. నేటి భరూచ్ ఆనాడు బరుగజ, అంటే భృగుకచ్ఛం. సూరత్‌కు ఉత్తరాన, నర్మద మీద ఉన్న రేవు. అక్కడికి పోయే ఓడ పడే పాట్లను ఆ వర్తకుడు భయంతో వర్ణించాడు. తీరం ఎక్కడో కనపడదు. కనపడేసరికి ఓడ ఇసుకమేట మీద ఉంటుంది. అమావాస్యనాడు పోటు ఎంత ఉధృతంగా వస్తుందంటే దూరాన సైన్యం కేకలు వేస్తున్నట్టు చప్పుడు ముందుగా వినిపించి, ఆ వెనుకనే నీటిగోడ మేటల మీదికి విరుచుకుపడుతుందట. లంగరు వేసిన ఓడలు ఒరిగిపోతాయట. అందువల్ల రాజుగారి కొలువులో ఉన్న స్థానిక జాలరులు తమ పడవలతో చాలా దూరం ఎదురు వెళ్ళి, ఓడలను చెయ్యిపట్టి నడిపించినట్టు మేటల నడుమ నుండి తెచ్చేవారని రాశాడు. ఎక్కడ ఆగాలో, ఏ పోటుకు కదలాలో వారికే తెలుసు. ఆ పడవల పేర్లను కూడా గ్రంథకర్త గ్రీకు ఉచ్చారణలో నమోదు చేశాడు. పడవ నడిపిన మనిషి పేరు ఒక్కటీ చెప్పలేదు.

ఇక నా దినచర్యల దగ్గరికి వస్తాను. 1608 ఆగస్టులో విలియం హాకిన్స్ 'హెక్టర్' అనే ఓడలో సూరత్ చేరాడు. ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మొగలు సామ్రాజ్యపు తీరాన లంగరు వేయడం అదే మొదలు. చేరాడన్నామే గాని, ఓడ నగరానికి చేరలేదు. తపతి ముఖద్వారం వద్ద ఇసుకమేట అడ్డంగా ఉన్నది. పెద్ద ఓడలు దానికి అవతల సముద్రంలోనే ఊగుతూ నిలవాలి. సరుకులు చిన్న పడవల్లోకి దించి, పోటు చూసుకుని నదిలో పైకి తీసుకుపోవాలి. పోర్చుగీసుల తేలికపాటి యుద్ధపడవలు ఆ దారిలో కాచుకుని కూర్చునేవి. ఓడలోని ఫిరంగులు అంత దూరాన్నుండి తమ పడవలకు అండ కాలేవు. సూరత్ కళ్ళకు కనపడుతూనే చేతికి అందేది కాదు.

1611 సెప్టెంబరులో సర్ హెన్రీ మిడిల్టన్ మూడు ఓడలతో వచ్చాడు. వాటిలో పెద్దదైన 'ట్రేడ్స్ ఇంక్రీజ్' వెయ్యి టన్నులు దాటినది. ఆ కాలానికి మహాకాయమే. పోర్చుగీసులు దారి ఇవ్వలేదు. ఓడను ఒడ్డుకు దగ్గరగా, ఫిరంగి వేటుదూరంలో నిలపగల లోతైన చోటు ఈ బురదతీరంలో ఎక్కడైనా ఉన్నదా అని వెతకడమే ఆయనకు మిగిలిన మార్గం. వారాల తరబడి వెతుకులాట సాగింది. పద్ధతి మోటుది. తాడు చివర సీసపు గుండు. తాడుకు కొన్ని నిర్ణీత బారల దగ్గర తోలుముక్కలో, గుడ్డపీలికలో గుర్తులు కడతారు. చీకట్లో కన్ను పనిచేయకపోయినా వేలు గుర్తుపట్టడానికి తోలు వేరు, గుడ్డ వేరు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో పశువుల కొవ్వు కూరుతారు. గుండు అడుగు తాకినప్పుడు అక్కడి ఇసుకో, గవ్వముక్కో, జిగటబురదో ఆ కొవ్వుకు అంటుకొని పైకి వస్తుంది. లోతు ఎంతో తాడు చెబుతుంది. లంగరు పట్టే నేలా, జారిపోయే నేలా అనేది కొవ్వు చెబుతుంది.

ఇక్కడ చిన్న పక్కదారి తొక్కుతాను, పాఠకులు క్షమించాలి. నావికులు లోతును కొలిచే ఇంగ్లీషు 'ఫాదమ్' ఆరడుగులు. ఆ మాట మూలార్థం బార్లా చాచిన రెండు చేతులు. మన తెలుగు 'బార' అక్షరాలా అదే కొలత, అదే భంగిమ. బావిలో నాలుగు బారల నీళ్ళున్నాయని మా నాయనమ్మ అనేది. ఏ భాషాసంబంధమూ లేని రెండు జాతులు లోతును కొలవడానికి చేతులు చాచి తమ శరీరాన్నే పరచాయి. అనువాదంలో ఇంత సులువుగా దొరికిన మాట నాకు ఇంకొకటి లేదు. ఆ దినచర్యల్లో నేను అడుగులనూ మీటర్లనూ ఎక్కడా వాడలేదు, బారలే వాడాను.

ఆ వెతుకులాటలో దొరికినదే సువాలీ మడుగు. ఆంగ్లేయులు తమ నోటికి తగినట్టు 'స్వాలీ హోల్' అన్నారు. తపతి ముఖద్వారానికి వాయవ్యంగా, తీరానికి సమాంతరంగా ఒక పొడవాటి ఇసుకమేట ఉన్నది. పాటులో అది బయటపడుతుంది, పోటులో మునుగుతుంది. మేటకూ ఒడ్డుకూ నడుమ లోతైన నీటిపాయ. 1877 నాటి బొంబాయి గెజెటీరు లెక్కలో దాని పొడవు సుమారు ఏడు మైళ్ళు, వెడల్పు మైలున్నర. బురదరాజ్యంలో ప్రకృతి కట్టిపెట్టిన ఓడరేవు అది. మేటే గోడ, పాయే కోట. దారి తెలిసినవాడికి ఆశ్రయం, తెలియనివాడికి ఉరి.

ఆ తేడా మరుసటి ఏడాదే తేలింది. 1612లో కెప్టెన్ థామస్ బెస్ట్ 'రెడ్ డ్రాగన్', 'హోసియాండర్' అనే రెండు ఓడలతో సువాలీలో ఉండగా పోర్చుగీసుల నాలుగు పెద్ద యుద్ధనౌకలు, వెంట ఎన్నో చిన్న పడవలు మీదికి వచ్చాయి. నవంబరు చివరిలో జరిగిన పోరాటంలో ఆంగ్లేయుల ఓడలు మేటల అంచులు ఎరిగి తిరిగాయి. పోర్చుగీసు నౌకలు కొన్ని ఇసుకలో కూరుకుపోయి, పోటు వచ్చి లేపేదాకా దెబ్బలు తిన్నాయి. ఒడ్డున నిలిచి మొగలు అధికారులూ జనమూ చూశారు. కొద్ది వారాలకు జహంగీరు చక్రవర్తి అనుమతి వచ్చింది, సూరత్‌లో కంపెనీ కోఠీ నిలదొక్కుకుంది. 1615 ఆరంభంలో గోవా రాజప్రతినిధి స్వయంగా పెద్ద నౌకాదళంతో వచ్చినప్పుడు కూడా కథ ఇంతే. నికొలస్ డౌంటన్ ఓడలు మడుగులో భద్రంగా ఉన్నాయి. లోతు ఎక్కువ కోరే పోర్చుగీసు నౌకలు లోపలికి రాలేకపోయాయి. ఆ ఏడాది సెప్టెంబరులో ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో కాలు పెట్టినది కూడా సువాలీ ఒడ్డునే. మన పాఠ్యపుస్తకాలు ఫర్మానాల గురించి చెబుతాయి గాని, వాటికి ముందు కొవ్వు పూసిన సీసపు గుండు ఒకటి ఉన్నదని చెప్పవు.

బల్లపరుపుగా ఉన్న తీరాన్ని సర్వే చేయడంలో ఇంకొక కష్టం ఉన్నది. లోతు కొలిస్తే చాలదు, ఎక్కడ కొలిచారో తెలియాలి. కొండ లేదు, రాతిగుట్ట లేదు, అంతా ఒకే గీత. నావికుడు చూపు నిలపడానికి ఏదో ఒకటి పైకి లేచి ఉండాలి. సూరత్ తీరాన ఆ పని సమాధులు చేశాయి. ఐరోపా నుండి అజ్మీరు దాకా చాలా భాగం కాలినడకనే వచ్చిన విచిత్ర యాత్రికుడు థామస్ కోరియట్ 1617 డిసెంబరులో సూరత్‌లో మరణించాడు. విరేచనాలతో బాధపడుతూనే స్వదేశపు మద్యం దొరికిందన్న ఆనందంలో తాగి పోయాడని సమకాలికుడు ఒకడు రాశాడు. సువాలీ దగ్గర రాజ్‌గరీలో ఉన్న గుమ్మటం ఆయనదేనని చెప్పుకుంటారు. తపతి ముఖద్వారం వద్ద 1697లో పడవ మునిగి చనిపోయిన జాన్ వాక్స్ అనే కంపెనీ ఉద్యోగి సమాధి మరొకటి. నావికుల పటాల్లో ఈ రెండూ గుర్తులుగా ఎక్కాయి. ఇసుకమేట ఎక్కడున్నదో చెప్పడానికి ఆ నీళ్ళలోనే పోయినవాడు నిలబడ్డాడు.

తాడూ గుండూ దాటి శాస్త్రీయమైన సర్వే ఆ సింధుశాఖలో 1830ల నాటిది. ఇండియన్ నేవీకి చెందిన ఎథర్సీ అనే అధికారి ఆ పని చేశాడు. ఆయన రాసిన నివేదిక 1838లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. గ్రీకు వర్తకుడు విన్న సైన్యపు కేకనే ఈయన కూడా విన్నాడు. కాకపోతే ఈయన చేతిలో గడియారమూ కొలతకర్రా ఉన్నాయి. పోటుగోడ ఎంత ఎత్తు లేచింది, ఎంత వేగంతో వచ్చింది అన్నవి రాసుకున్నాడు. ఆనాటి పద్ధతి ప్రకారం ఒడ్డున రెండు బిందువుల నడుమ దూరాన్ని జాగ్రత్తగా కొలుస్తారు. అక్కడి నుండి త్రిభుజాలు అల్లుకుంటూ పోతారు. పడవలోనివాడు సెక్స్‌టెంటుతో ఒడ్డుమీది మూడు గుర్తుల నడుమ కోణాలు పట్టి తానెక్కడున్నాడో తేల్చుకుంటాడు. అదే క్షణంలో గుండు వదులుతారు. ఒడ్డున నాటిన గుంజ మీద నీరు ఎంత ఉన్నదో మరొకడు చూస్తుంటాడు. సాయంత్రం ఈ అంకెలన్నిటి నుండి పోటు ఎత్తును తీసివేసి, పాటులో మిగిలే లోతును పటం మీద వేస్తారు. గంటకు పది కిలోమీటర్లు మించి పారే ప్రవాహంలో, సగం సేపు నీరూ సగం సేపు బురదా అయిన చోట ఈ పని చేయడమంటే గాలికి ఎగిరే చీరమీద ముగ్గు వేసినట్టే.

పటం తయారైంది. బురద మాత్రం అక్కడే ఆగలేదు. వర్షాకాలం వస్తే తపతి కొత్త ఒండ్రు తెస్తుంది. మేట కదులుతుంది, పాయ పక్కకు జరుగుతుంది. సువాలీ మడుగు కాలక్రమాన పూడి, పెద్ద ఓడలకు పనికిరాకుండా పోయింది. కంపెనీ ప్రధాన స్థానం 1687లోనే బొంబాయికి తరలిపోయింది. ఈ నేలను కొలిచినవాడికి తన కొలత ఎంతకాలం చెల్లుతుందో కూడా తెలిసి ఉండాలి. మెట్టభూమి సర్వేయరుకు ఆ దిగులు ఉండదు. అతను పాతిన రాయి మనవడి కాలానికీ అక్కడే ఉంటుంది.

కొలత తప్పకపోయినా చదువు తప్పవచ్చు. సువాలీకి ఎదురుగా, హజీరా తీరానికి పడమరన సముద్రగర్భంలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సోనార్‌తో సర్వే చేస్తుండగా చతురస్రాల వంటి ఆకృతులు కనిపించాయి. నీటిలో మునిగిన ప్రాచీన నగరం దొరికిందని 2001లో ప్రకటన వెలువడింది. అడుగునుండి దేవి తీసిన ఒక కొయ్యముక్క వయస్సు తొమ్మిదిన్నర వేల ఏళ్ళని పరీక్షలో తేలింది. దేశమంతా పత్రికలు హోరెత్తాయి. పురావస్తువేత్తలు చాలామంది అంగీకరించలేదు. ఆ కొయ్య ఆ చోటిదే అనడానికి ఆధారమేమిటని వారి ప్రశ్న. పద్ధతి ప్రకారం పొర పొరగా తవ్వినది కాదు, ముక్కుమొహం తెలియని బురదలోంచి గోకి తెచ్చినది. అంతటి ప్రవాహం ఎక్కడి వస్తువునైనా ఎక్కడికైనా చేర్చగలదు. ఈ వాదంలో నా మొగ్గు పురావస్తువేత్తల వైపే. మునిగిన ద్వారక మీద మనకున్న మమకారం కొయ్యముక్క వయస్సును నగరం వయస్సుగా మార్చింది కాబోలు.

ఇంతకంటే నష్టం చేసిన తప్పు చదువు ఒకటి ఉన్నది. రెవిన్యూ లెక్కల్లో ఈ నేలలన్నీ పనికిరాని భూములు. పన్ను పుట్టని చోటు బంజరు. 1948 నాటి బొంబాయి ఖార్ భూముల చట్టం ఉద్దేశమే పోటునీరు ఎక్కే నేలలకు కట్టలు వేసి సాగుకు తేవడం. తిండిగింజల కరువు ఉన్న రోజులవి, ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కాని బురదను పూడ్చవలసిన గుంటగా చూసే అలవాటు మాత్రం అందరిలోనూ స్థిరపడిపోయింది. బి.ఏ.లో మాకు జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' ఉండేది. కథలోని యాత్రికుడు మొదట పడేది ఒక రొంపిలోనే. రాజుగారి సర్వేయర్ల ఆజ్ఞ మీద పదహారు వందల ఏళ్ళుగా బండ్లకొద్దీ మంచి సామగ్రి తెచ్చి పోస్తున్నా ఆ రొంపి పూడదు. ఆ పుస్తకం అచ్చయిన ఏడు కంపెనీ ఓడలు సువాలీలోనే దిగేవి. మా అధ్యాపకుడు అది పాపానికి ప్రతీక అని చెప్పారు. నిజం రొంపుల సంగతి కూడా అంతేనని ఆయనకు తోచినట్టు లేదు.

సూరత్‌ను చూసిన తరువాత ఆ పుట నాకు ప్రతీకగా కనపడడం మానింది. ఉకాయ్ ఆనకట్ట 1972లో పూర్తయింది. వరద ఇక రాదనే ధీమాతో నగరం నదిలోకి, ఖార్‌లోకి జరిగింది. 2006 ఆగస్టు 7 నుండి ఎగువ వానలకు ఆనకట్ట నుండి నీరు వదిలారు. గరిష్ఠంగా అది సుమారు 9 లక్షల క్యూసెక్కులు. నగరంలో అధిక భాగం మునిగింది, కొన్ని పేటల్లో రెండో అంతస్తు దాకా. వందమందికి పైగా మరణించారు. ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. అంటే పెద్ద పోటు వేళ. దిగువన సముద్రం ఎదురు నిలబడి ఉంది, ఎగువన నది తోసుకు వస్తోంది. ఆనకట్ట నిర్వహణ మీదా, గట్లతోనూ కట్టడాలతోనూ నది ఇరుకైన తీరు మీదా ఆనాడు నిపుణులు ఎందరో వేలు చూపారు.

ఆ పౌర్ణమి పద్మశాలీలకు నూలి పున్నమి. జంధ్యాలు మార్చుకుని మార్కండేయుణ్ణి ఊరేగించే రోజు. పడమటి తీరపు జాలరులకు అదే కొబ్బరికాయల పున్నమి. సముద్రానికి కాయ సమర్పించి మళ్ళీ వేటకు దిగే రోజు. మా బావ ఆనాడు నదికి దగ్గరగా అద్దె ఇంట్లో ఉండేవాడు. పున్నమి నాడు మూడో అంతస్తు వాళ్ళ డాబా మీద నలభైమందితో కూర్చుని, కొత్త జంధ్యం లేక పాతదానితోనే గడిపాడట. నీరు దిగిన తరువాత ఇంట్లో నిలిచినది మోకాలెత్తు బురద. దాన్ని వర్ణించేటప్పుడు ఆయన వాడిన మాట రొంపి. నా నిఘంటువు పని ఆయన చేసి పెట్టాడు.

నది భయానికి ఆయన లింబాయత్‌కు మారాడు, అప్పు చేసి చిన్న ఇల్లు కొన్నాడు. అక్కడ నది లేదు, ఖాడీ ఉన్నది. ఖాడీలంటే ఒకప్పుడు వాననీటినీ పోటునీటినీ మోసిన పాయలు. ఇప్పుడు ఇళ్ళ నడుమ నల్లగా పారుతున్నాయి. లింబాయత్ పక్కది మీఠీ ఖాడీ, అంటే తీపి పాయ. ఆ పేరు పెట్టిననాడు నీరు ఎట్లా ఉండేదో ఊహించుకోవలసిందే. గట్టివాన కురిసి, అదే సమయానికి సముద్రంలో పోటు ఉంటే ఖాడీ నీరు దిగదు, వీధిలోకి మళ్ళుతుంది. 2020 ఆగస్టులో మళ్ళింది. అంతకు ముందూ తరువాతా కూడా మళ్ళింది. పాత పటం మీద అది నీటి దారి. కొత్త పటం మీద ఇళ్ళస్థలాలు. నీళ్ళు పాత పటాన్నే చదువుకుంటున్నాయి.

చట్టం ఈ చిక్కును గుర్తించకపోలేదు. 1991లో వచ్చిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన పెద్దపోటు చేరే గీతనుండి 500 మీటర్ల దాకా కట్టడాలపై ఆంక్షలు పెట్టింది, మడ అడవులను అత్యంత రక్షణీయమైన కోవలో చేర్చింది. 2011లోనూ 2019లోనూ దాన్ని సవరించి తిరగరాశారు. అంతా ఆ పోటుగీత ఎక్కడ గీస్తారన్న దాని మీద ఆధారపడి ఉన్నది. రాతితీరంలో అది వేలితో చూపవచ్చు. బురదతీరంలో పాయ వెంట పోటు ఎంతదూరం లోపలికి పోతుందో అంతదూరమూ అది తీరమే. మన కొల్లేటివారికి ఇది చెప్పనక్కర లేదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు అన్నారు. ఏటా పెరిగి తరిగే సరస్సుకు ఒక గీత గీశారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టినప్పుడూ, ఆ తరువాతి వ్యాజ్యాల్లోనూ జగడమంతా ఆ గీత మీదనే. గీత లేకపోతే రక్షణ లేదు, నిజమే. దాని ఇరువైపులా బతికేవారిని అడగకుండా గీస్తే నిలవదు, అదీ నిజమే.

ఇవన్నీ విన్న తరువాత సువాలీ పోయాము. హజీరా దారిలో ఉక్కు, ఎరువులు, గ్యాసు కర్మాగారాల పొగగొట్టాలు వరుసగా ఎదురవుతాయి. ఇప్పటి నావికుడికి సమాధులతో పని లేదు. ఊరు దాటి సరుగుడు తోపు పక్క నుండి దిగితే నల్లటి ఇసుక, ఆ తరువాత బురద. పాటు వేళ. నీరు వెండితీగలా దూరాన ఉన్నది. రోజూ వలగుంజలు చూసుకునే ఒక పెద్దమనిషి మాతో వచ్చాడు. ఆయన కులవృత్తిని ఖలాసీ అన్నాడు మా బావ. మన రైల్వేలోని కళాసీ ఆ మాటే. చేతిలో ఒక కర్ర, అంతే. ముందు కర్ర గుచ్చి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేసేవాడు. ఒకచోట నేల మాకు తేడా ఏమీ కనపడకుండానే ఆగి, ఎడమకు తిరిగి చుట్టుదారి పట్టాడు. ఎందుకని అడిగితే మొన్న పున్నమి పోటుకు పాయ ఇటు వచ్చిందన్నాడు. ఎట్లా తెలుసంటే పాదం చూపించాడు.

నాలుగువందల ఏళ్ళనాటి మడుగు ఎక్కడ ఉండేదని అడిగాను. మా బావ గుజరాతీలోకి మార్చి చెప్పాడు. ఆయన నవ్వి ఏదో అన్నాడు. "ఎప్పటి సంగతి అడుగుతున్నడు, నిన్నటిదా మొన్నటిదా అంటుండు" అని బావ తెలుగులోకి తెచ్చాడు. అంతలో నీటి చప్పుడు మారింది. ఆయన మరి మాట్లాడక మమ్మల్ని వేగంగా వెనక్కు నడిపించాడు. మేము గట్టెక్కిన పావుగంటకు మేము నడిచిన చోటు లేదు.

రాత్రి లింబాయత్‌లో భోజనం. మా అక్కయ్య జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసింది. ఇంట్లోకి అడుగుపెట్టడానికి రెండు మెట్లు దిగాలి. కొన్ననాడు రెండు మెట్లు ఎక్కేవాళ్ళట. ప్రతి వరద తరువాత వీధిని పోసి ఎత్తు చేయగా ఇల్లు గుంటలో పడింది. తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు వరుసగా ఉన్నాయి. పిల్లల ఎత్తులనుకున్నాను. నీటి ఎత్తులు, పక్కన తేదీలు. బావ ఇంటికి వచ్చిన ఏడు నుండి వేస్తున్నాడు. చివరి గీత చేతివెడల్పున మిగతావాటికి పైన ఉన్నది. ఆ మధ్య ఎవరో కొలతలవాళ్ళు ముక్కాలిపీట మీద యంత్రం పెట్టి వీధంతా చూసి, గోడకు ఎర్రరంగు గుర్తు వేసి పోయారట. గుర్తు చివరి పెన్సిలు గీతకు జానెడు కింద ఉన్నది.

"చూపించకపోయినవా బావా" అన్నాను.

"ఎవలు అడిగిన్రు?" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.